చింతపండుతో తోమిన కత్తి

స్ట్రోక్ తర్వాత మా మావగారికి మిగిలిన మాట ఒక్కటే. కాదు.

జిల్లా కోర్టులో బెంచి గుమాస్తాగా రిటైరైన మనిషి. తెలుగు, ఇంగ్లీషు, పాత దస్తావేజుల్లోని ఉర్దూ ముక్కలు, అన్నీ తుడిచిపెట్టుకుపోయి ఆ ఒక్క మాట మిగిలిందని తెలిసినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. జాలి తర్వాత వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కోడలిగా వెళ్లిన ఈ పాతికేళ్లలో ఆయన నాతో అన్న మాటల్లో సగం అదే. మబ్బు పట్టింది అంటే కాదు అనేవారు. ఎందుకు కాదో చెప్పడానికి ఓ గంట తీసుకునేవారు. నేను ఇంకో గంట తీసుకునేదాన్ని. అత్తగారు మధ్యలో లేచి వెళ్లి పడుకునేవారు. ఆవిడ పోయాక ఆయన్ని కెనడాకి, మిల్టన్‌లో మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు, "ఇంక ఇంట్లో రోజూ హియరింగే" అని మా ఆయన తల పట్టుకున్నాడు. ఆరేళ్లు నడిచింది ఆ హియరింగు. ఈ దేశంలో నాకు దొరికిన సరైన ప్రత్యర్థి ఆయనొక్కరే. ఆఫీసులో నేనేం వాదించినా "గ్రేట్ పాయింట్" అని తప్పుకుంటారు. దానికంటే తిట్టు నయం.

ఇక గడ్డం సంగతి. ఆయన ముఖం మీద మూడు నాలుగు రోజులకు మించి వెంట్రుక పెరగగా నేనెప్పుడూ చూడలేదు. కాకినాడలో ఉన్నన్నాళ్లూ ఆదివారం, బుధవారం అరుగు మీద క్షవరం. ఇక్కడికొచ్చాక, ఇదీ ఒక బ్లేడేనా అని సణుక్కుంటూ అవే రోజుల్లో తనే చేసుకునేవారు. కుడిచెయ్యి పడిపోయాక ఆ పని మా మీద పడింది. మా ఆయన మూడు రోజులు ప్రయత్నించాడు. రేజర్ దగ్గరికి రాగానే తల తిప్పేసేవారు. రోజూ వచ్చి ఒళ్లు తుడిచి బట్టలు మార్చే ఆయా, ఇక్కడ పీఎస్‌డబ్ల్యూ అంటారు, ఎలక్ట్రిక్ షేవర్ తప్ప ఇంకేదీ వాడకూడదు. రూల్. అది బర్రుమనగానే ఆయన ఎడమచెయ్యి గాల్లోకి లేచేది. వీల్‌చెయిర్‌లో బార్బర్ షాపుకి తీసుకెళ్లాం. అక్కడి బార్బర్ ఆయన తల ఊగడం కాసేపు చూసి, బ్లేడు పక్కన పెట్టి, "సారీ, నా వల్ల కాదు" అన్నాడు. తప్పు పట్టలేను.

ఆరువారాలకు గుబురుగా తెల్లగడ్డం.

"స్వామీజీలా బాగున్నారు నాన్న. వదిలెయ్" అన్నాడు మా ఆయన.

"బాగుంటే నువ్వు పెంచుకో."

కింద వాష్‌రూమ్‌లో అద్దం ముందు వీల్‌చెయిర్ ఆపగానే మావగారు "కాదు" అనేవారు. ముఖం కడగొద్దంటున్నారనుకున్నాం. నీళ్లు వేడిగా ఉన్నాయేమోననుకున్నాం. నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఆయన చెబుతున్నది నీళ్ల గురించి కాదు, మాతోనూ కాదు. అద్దంలో ఉన్న గడ్డపాయనతో. తన కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుంటే లేపుతున్నట్టు, ఎడమచేతి వేలు చూపించి మరీ అంటున్నారు. నేను కాదు.

అప్పటికే ముసలివాళ్లని ఉంచుకుని చూసుకునే లాంగ్‌టర్మ్ కేర్ హోముకి అప్లై చేశాం. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇంటి నిండా మెట్లు, ఆయన్ని ఎత్తలేక మా ఆయన నడుము పట్టేసింది. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ నిజమే. చోటు ఖాళీ అయిందని ఏ రోజైనా ఫోన్ రావచ్చు. వస్తే ఒక్క రోజులో అవునో కాదో చెప్పాలి. ఆ ఫోన్ వచ్చేలోపు ఆయన ముఖం ఆయనకు తిరిగివ్వాలి, ఆ ముఖంతోనే ఆ హోముకి పంపాలి అన్నది నాకు పట్టుకుంది. అద్దంలో తనని చూసుకుని ఒక్కసారి ఊరుకుంటే చాలు. అంతకంటే పెద్ద కోరిక కోరే ధైర్యం అప్పటికే పోయింది నాకు.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో వంట చూస్తుంటే, అది అయిపోయి దానంతటదే ఇంకో వీడియో మొదలైంది. పాతకాలపు సెలూన్. ఒకతను మంగలి కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. టప్, సర్ర్. టప్, సర్ర్. ఆపబోతూ చూశాను. మావగారు కళ్లు మూసుకున్నారు. గడ్డం పైకెత్తి, మెడ చాపి, తల వెనక్కి వాల్చారు. తువ్వాలు లేదు, నురగ లేదు, ఎవరూ అడగలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ ఎత్తారు.

ఆ చప్పుడు నాకూ తెలుసు. పెళ్లయిన కొత్తలో కాకినాడ అరుగు మీద వారానికి రెండుసార్లు వినేదాన్ని. క్షవరం చేసేందుకు వచ్చే ఆయనకీ మావగారికీ ఇంచుమించు ఒకే వయసు. ఆయన్ని మా వీధంతా ఏకవచనంలో పిలిచేది. నేను మీరు అంటే ఆయనే ఇబ్బందిపడేవాడు. ఒక బుధవారం ఆయనకి ఇంట్లో గ్లాసుతో కాఫీ ఇచ్చాను.

"ఆ గ్లాసు లోపలికి తేకమ్మాయ్" అన్నారు మావగారు నురగ ముఖంతోనే.

"ఎందుకు తేకూడదు?"

"తేకూడదు కాబట్టి."

"ఇలాగే రాసిచ్చేవారా కోర్టులో?"

"కోర్టు వేరు, అరుగు వేరు."

"ఆయన కత్తి మీ పీక మీద ఉండొచ్చు గానీ, ఆయన తాగిన గ్లాసు మీ గూట్లో ఉండకూడదేం?"

కత్తి ఆగింది. "అమ్మగారూ, తమరిద్దరూ ఇలాగ వాదులాడుకుంటే మద్దిలో తెగేది బాబుగారి పీకండి" అన్నాడాయన. మావగారు నవ్వబోయి నురగ మింగి, ఉమ్మేశారు.

గ్లాసు లోపలికి తెచ్చాను. మావగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. గెలిచాననే అనుకున్నాను. క్షవరమయ్యాక మాత్రం మామూలుగానే పెరటి దారిన వెళ్లి, తలారా నీళ్లు పోసుకున్నాకే ఇంట్లోకి వచ్చారు. అత్తగారు ఆయన క్షవరానికి కూర్చున్న కుర్చీ మీద చెంబెడు నీళ్లు కుమ్మరించారు. నేను అది చూసి పకపకా నవ్వాను. పాతికేళ్లు నవ్వుతూనే ఉన్నాను.

మంగలి కత్తి కొంటానన్నప్పుడు మా ఆయన, "బెండకాయలు తరిగితేనే వేలు తెగుతుంది నీకు" అన్నాడు.

"అందుకే, అనుభవం ఉంది."

ఎడ్మంటన్‌లో చదువుతున్న మా అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, దట్స్ లిటరల్లీ ఎ వెపన్" అంది.

"నా నోటికంటేనా?"

"నో. ఫెయిర్" అంది.

ఆన్‌లైన్‌లో కొత్త కత్తులు చూశాను. పిడి మీద డ్రాగన్లు, పులులు. చాలావాటికి పదును మనమే పెట్టుకోవాలట. తెలిసినవాళ్లందరూ ఒకటే రాశారు: మొదటిసారి కొనేవాళ్లు పాతది కొనండి, సానపట్టడం వచ్చినవాడి దగ్గర కొనండి. అలాంటివాడు ఊరి బయట ఆదివారం జరిగే పాతసామాను సంతలో దొరికాడు. డెబ్బై దాటిన తెల్లాయన. మెడలో తాడుకు భూతద్దం, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద పదిహేను ఇరవై కత్తులు.

నేను అన్నిటికంటే తళతళలాడేది తీశాను. ఆయన నా చేతిలోంచి దాన్ని సున్నితంగా లాక్కున్నాడు.

"మెరుపు చూడకండి. అంచు చూడండి." కత్తిని నిటారుగా పట్టుకుని దీపం కింద తిప్పాడు. "ఇదిగో, ఇక్కడ సన్నగా వెలుగు కనబడుతోందా? వెలుగు కనబడితే మొద్దన్నమాట. పదునున్న అంచు కనబడదు."

"కనబడనిదాన్ని చూసి ఎలా కొనను?"

"చాలామంది కొనరు. అందుకే ఇది మిగిలింది" అంటూ ఇంకోటి తీశాడు. బూడిదరంగు కత్తి, అక్కడక్కడా మచ్చలు, పాత పళ్లలా పసుపు తిరిగిన పిడి. తన ముంజేతి మీద వెంట్రుకకు అలా చూపించాడు, అంతే, అది రాలింది. "దీన్ని నేనే సానపట్టాను. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఏమీ చెయ్యకపోవడం. తోలు మీద తిప్పండి, వాడండి, పొడిగా తుడిచి దాచండి. నానబెట్టకండి. తోమకండి."

బేరమాడాను. ఆడకుండా కొనడం నాకు రాదు, తిరిగి ఆడటం ఆయనకి రాదు. తోలుపట్టీ కూడా కలిపి ఇచ్చేశాడు.

"ఎవరిదిది?" అన్నాను వచ్చేటప్పుడు.

"ఓ రైతుది. పోయాడు. ఇల్లు ఖాళీ చేస్తుంటే తెచ్చాను. ఏం, పట్టింపా?"

"అలాంటి పట్టింపులు నాకు లేవు" అన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా.

ఇంటికొచ్చి దాన్ని గుమ్మం పక్కన షూ రాక్ మీద పెట్టాను. లోపలికెందుకు తేలేదని ఆ క్షణంలో ఎవరైనా అడిగితే చేతులు ఖాళీ లేవని చెప్పేదాన్ని. ఖాళీగానే ఉన్నాయి.

పోయినవాడి గడ్డం గీసిన కత్తి, క్రిములుంటాయి, అనుకున్నాను. మైక్రోబయాలజీలో బీయెస్సీ చేశాను కాబట్టి క్రిములన్న మాట నా నోటికి తొందరగా వస్తుంది. కెటిల్ నిండా నీళ్లు మరిగించి, బయట వాడే ప్లాస్టిక్ బేసిన్‌లో పోసి, కత్తిని అందులో వేశాను. సరే, క్రిములే అనుకుందాం. వాటికి ఆ నీళ్లు చాలవా? చింతపండు ఎందుకు? పూజసామాను తోమడానికి ఉంచిన పాత చింతపండు ఒక పిడికెడు తీసి, కల్లుప్పు వేసి, ఇత్తడి కుందుల్ని తోమినట్టు కొస నుంచి పిడి దాకా తోమాను. మడత దగ్గర వేలు దూర్చి మరీ. బొటనవేలు తెగింది. తగిలినట్టయినా తెలియలేదు, నెత్తురు చూశాకే తెలిసింది. ఆ కత్తికి పదునున్న ఆఖరి నిమిషం అదేనని అప్పుడు నాకు తెలియదు. పులుసు బాగా పట్టాలని గంటసేపు అలాగే వదిలేశాను. ఆ గంటలో పైకి వెళ్లి తలస్నానం చేసొచ్చాను.

తలస్నానం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. మిల్టన్‌లో.

ఇనప కత్తిపీట మీద పుల్లమామిడికాయ కోస్తే ఏమవుతుందో తెలియనిదాన్ని కాదు. మా అమ్మ వెంటనే కడిగి తుడవమని వెంటపడేది. ఆ తెలివంతా గంటసేపు ఎటు పోయిందో చెప్పలేను. తిరిగొచ్చి చూస్తే కత్తి నల్లగా కమిలిపోయి ఉంది. వేడినీళ్లకు పిడి అప్పడంలా వంకర్లు పోయింది. మూస్తే కత్తి సగంలో పిడికి రాసుకుంటోంది. మర్నాటికి మడతలో ఎర్రగా తుప్పు. దీపం కింద పట్టుకుని చూశాను. అంచు పొడవునా చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడింది.

మా ఆయన చూసి, "ఇదేంటి, పులుసు పెట్టావా?" అన్నాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. అది చూసి అతను భయపడి, నవ్వు ఆపేశాడు.

ఆదివారం దాకా ఆగి ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లి ఉండాల్సింది. కానీ ఫోన్ ఎప్పుడొస్తుందో తెలియదు, పైగా బుధవారం వస్తోంది. రెండు రోజులు కిచెన్ డ్రాయర్ పిడికి తోలుపట్టీ తగిలించి తిప్పాను. పింగాణీ కప్పు అడుగున కూరల చాకుని నూరినట్టు నూరాను. నా చేతి మీద పెట్టి చూశాను. వెంట్రుక వంగింది గానీ తెగలేదు. నురగలో తడిస్తే మెత్తబడి తెగుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎదుటివాళ్లెవరైనా అంత బలహీనమైన వాదన తెస్తే చీల్చి చెండాడేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టాను. వేడినీళ్ల గిన్నె, సబ్బు, బ్రష్. మావగారి మెడ చుట్టూ తువ్వాలు కట్టాను. పట్టీ మీద కత్తి తిప్పాను. టప్, సర్ర్. ఆయన కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తారు. స్ట్రోక్ వచ్చాక ఈ ఆరునెలల్లో ఆ ముఖం అంత తేలిగ్గా ఉండటం చూడలేదు. ఏళ్ల తరబడి ఎవరి చేతినో నమ్మి అప్పగించిన మెడ అది. ఇప్పుడు నా చేతికి అప్పగించారు.

కణత కింద పెట్టి లాగాను. గోకినట్టు చప్పుడైంది. వెంట్రుకలు తెగలేదు, పీక్కొచ్చాయి. ఆయన ఒళ్లు బిగుసుకుంది. అక్కడే ఆపాలి. నేను ఇంకాస్త నొక్కి లాగాను. వాదనలోనూ నాదిదే జబ్బు. నురగలో ఎర్రటి గీత కదిలింది.

ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చేతిలో అంత బలముందని అప్పటిదాకా తెలియదు. కళ్లు తెరిచి నల్లబడ్డ కత్తిని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"కాదు" అన్నారు.

గట్టిగా అనలేదు. కాకినాడలో అన్న "కాదు" తర్వాత గంటసేపు కారణాలుండేవి. దీని తర్వాత ఏమీ లేదు. నురగ తుడిచేసి, చెంప మీద చిన్న ప్లాస్టర్ వేశాను.

మర్నాడు పొద్దున ఆయన పక్కన కూర్చుని ఆ పాత సెలూన్ వీడియో పెట్టాను. టప్, సర్ర్. ఆయన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. ఇంకోసారి పెట్టాను. తల కదల్లేదు. అంతవరకు అది ఒక్కటైనా ఉండేది. దాన్ని కూడా నేనే పాడుచేశాను.

అదే మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మా ఆయన అవునన్నాడు. శనివారం తీసుకెళ్లి దింపాం. గడ్డంతోనే వెళ్లారు. ఎడమ చెంప మీద వేలెడు మేర గడ్డం పీకేసినట్టు ఎర్రగా బోసిపోయి ఉంది, మధ్యలో ప్లాస్టర్. చేర్చుకునే నర్సు కాగితం మీద మనిషి బొమ్మ ముందుపెట్టుకుని, ఒంటి మీద దెబ్బలెక్కడెక్కడున్నాయో గుర్తుపెడుతోంది. "ఇదెలా తగిలింది?" అంది.

"షేవింగ్" అన్నాను.

"ఎవరు చేశారు?"

"నేనే."

రాసుకుంది. అక్కడివాళ్లకి ఆయన గురించి తెలిసిన మొదటి సంగతి అది.

ఆదివారం సంతకి వెళ్లాను. ఆ పెద్దాయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏం పెట్టారు దీనికి?"

"టామరిండ్. మేం పులుసుల్లో వేసుకుంటాం. పుల్లగా ఉంటుంది."

"తోమొద్దని చెప్పాను కదా."

"చెప్పారు."

"మరి ఎందుకు?"

అరుగు సంగతి, గ్లాసు సంగతి, కుర్చీ మీద కుమ్మరించిన నీళ్ల సంగతి ఈయనకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను? చెప్పినా, అవన్నీ వెక్కిరించిన మనిషిని నేనేనని ఎలా చెప్పను?

"శుభ్రం చేద్దామని" అన్నాను.

"శుభ్రంగానే ఉండింది" అన్నాడు.

బాగవుతుందా అని అడిగాను. ఆ పులుపు అంచుని పురుగు తిన్నట్టు తినేసిందనీ, ఎంత నూరినా కింద ఇంకో గుంట బయటపడుతుందనీ చెప్పాడు. "గోడకి తగిలించుకోండి" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి మళ్లీ షూ రాక్ మీదే పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇప్పుడు లోపలికి తెచ్చినంత మాత్రాన ఏమవుతుంది?

మూడోవారం హోముకి వెళ్లేసరికి ఆయన గడ్డం మెషిన్‌తో కత్తిరించేసి ఉంది. అది గడ్డమూ కాదు, నున్నటి చెంపా కాదు. కోత అయిపోయిన చేలో మోళ్లలా ఉంది. ఎప్పుడు చేశారని అడిగితే, "మంగళవారం. ఏమీ గొడవ చెయ్యలేదు, చాలా మంచి పెద్దాయన" అన్నారు. ఆయన్ని మంచి పెద్దాయన అనడం నేను అదే మొదటిసారి వినడం. మంగళవారం క్షవరమంటే ఒకప్పుడు ఇల్లెగిరిపోయేది.

వీల్‌చెయిర్ తోసుకెళ్లి గదిలో అద్దం ముందు ఆపాను. చూశారు. నేను పక్కన కూర్చుని ఎదురుచూశాను. ఆ అద్దంలో ఉన్నది ఆయన ముఖం కాదు. ఎవరు చూసినా కాదనే అంటారు.

ఏమీ అనలేదు.

"మావయ్యగారూ, ఇది మీరేనా?" అన్నాను.

చూపు అద్దం మీంచి జారి, పక్కనున్న పేపర్ టవల్స్ మీద ఆగింది.

"కాదనండి" అన్నాను. "ఒక్కసారి కాదనండి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

తలుపు దగ్గర అలికిడైంది. భోజనం ట్రాలీతో వచ్చిన అమ్మాయి నవ్వుతూ పలకరించి, గుడ్డ దులిపి ఆయన మెడ చుట్టూ వేసింది. ఆయన కళ్లు మూసుకున్నారు. గడ్డం పైకెత్తి, మెడ చాపి, తల వెనక్కి వాల్చారు.

నేను గబుక్కున లేచి నిలబడ్డాను.

ఆ అమ్మాయి మెడ వెనక ముడి వేసి, ఆయన తలని నెమ్మదిగా ముందుకు వంచి, చెంచా అందుకుంది.